తుమ్మును చేజార్చుకోకండి

శివరాత్రి దాటింది. తెల్లవారుజామున దుప్పటి కావాలి, మధ్యాహ్నానికి ఫ్యాను కావాలి, రాత్రికి రెండూ కావాలి. మామిడి పిందె పడుతోంది, వేప పూత విచ్చుకుంటోంది. ఇంటి పనులన్నీ ఈ రోజుల్లోనే మీద పడతాయి. ఉగాదిలోపు బూజు దులపాలి, ఉన్ని దుప్పట్లు ఉతికి అటకెక్కించాలి, కూలర్ దించి కడగాలి, కొత్త కారం పట్టించాలి. ఆఫీసులో మార్చి లెక్కలు. సరిగ్గా ఇప్పుడే మీ ముక్కు కారడం మొదలవుతుంది. దాన్ని తగ్గించుకుందామని ఆత్రపడే వాళ్ళను చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆలోచించండి. అలర్జీకి జ్వరం ఉండదు, లంఖణం ఉండదు, పక్కవాళ్ళకు అంటదు. అన్నం సహిస్తుంది, టీవీ చూడొచ్చు, పని మాత్రం చేయలేరు. కొంచెం శ్రద్ధ పెడితే ఇది వానాకాలం దాటి, దీపావళి దాటి, మళ్ళీ సంక్రాంతి దాకా నిలుస్తుంది. ఆ శ్రద్ధ ఎక్కడెక్కడ పెట్టాలో చెప్తాను. ఒక్కటీ వదలకుండా పాటించండి.

1. మీకేది పడదో కనిపెట్టకండి.

అన్నిటికీ ఇదే పునాది. ముక్కులో, కళ్ళలో దురద, నీళ్ళలాంటి చీమిడి, వరస తుమ్ములు, జ్వరం లేకపోవడం అలర్జీ లక్షణాలు. గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, కాస్త జ్వరం వచ్చి, వారం పది రోజుల్లో దానంతట అదే పోయేది మామూలు జలుబు. ఈ తేడా మీకు తెలిసినా ఎవరి దగ్గరా బయటపెట్టకండి. ఏ రోజు, ఏ గదిలో, ఏం చేస్తుంటే తుమ్ములొచ్చాయో రాసిపెట్టుకోమని ఎవరైనా అంటే పెన్ను లేదనండి.

రోజుకొక కారణం చెప్పండి. సోమవారం పెరుగు, మంగళవారం జామకాయ, బుధవారం ఎదురింటి వాళ్ళ తాలింపు. దీని లాభం చాలామందికి తట్టదు. ఇల్లంతా వంటింట్లో వెతుకుతున్నంతసేపూ మీ పడకగది వైపు ఎవరూ చూడరు. అసలు సరుకు అక్కడే ఉంది.

2. పరుపును కదిలించకండి.

మీ పరుపులో, దిండులో డస్ట్ మైట్లు అనే పురుగులు కాపురముంటాయి. సైజు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కంటికి ఆనవు. మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతాయి. వాటి రెట్ట ముక్కులోకి పోతేనే తుమ్ము. కొరకవు, కుట్టవు, అద్దె అడగవు. వీటికి కావలసింది చెమ్మ. గాలిలో తేమ 70, 80 శాతం ఉంటే పిల్లాపాపలతో వర్ధిల్లుతాయి, 50 శాతం కంటే తగ్గితే ఎండిపోతాయి. 55 డిగ్రీలు దాటిన వేడి నీళ్ళలో ఉతికితే చస్తాయి.

కాబట్టి దుప్పట్లు చన్నీళ్ళలోనే ఉతకండి, అదీ చుట్టాలొచ్చినప్పుడు. దిండు గలీబు మార్చాల్సి వస్తే తిరగేసి తొడగండి. తడి తువ్వాలు మంచం కోడు మీద ఆరేయండి. పరుపును ఎండలో వేయమని అమ్మ అంటే నడుము పట్టుకోండి. మన పల్లెల్లో మాఘం, ఫాల్గుణం ఎండల్లో పరుపులు, బొంతలు మిద్దె మీద పరచి కర్రతో కొట్టే అలవాటు ఉండేది. ఎంత నష్టదాయకమైన అలవాటో చూడండి, ఒక్క మధ్యాహ్నంలో ఏడాది సంపద పోయేది. అదృష్టవశాత్తూ అపార్టుమెంట్లలో మిద్దె తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఆ తాళం అడగకండి.

అమ్మమ్మ నాటి బూరుగుదూది దిండు ఇంట్లో ఉంటే మీరు పుణ్యం చేసుకున్నారన్నమాట. అది ఇంకెవరికీ ఇవ్వకండి.

3. బూజు దులిపే రోజున ముందు వరసలో నిలబడండి.

చాలామంది సోమరులు ఇక్కడే పొరపాటు చేసి, ఆ రోజు ఇంట్లో లేకుండా పోతారు. అలా పోతే వచ్చే ఏడూ మిమ్మల్నే పిలుస్తారు. మీరు ఉండండి. బూజుకర్ర మీరే పట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టకండి, తడిగుడ్డ వాడకండి, ఫ్యాను మాత్రం వేసి ఉంచండి. మొదటి మూలలోనే వరసగా తుమ్ములు వస్తాయి, కళ్ళు ఎర్రబడతాయి, బల్ల మీంచి తూలి దిగుతారు. అంతే, జన్మకు విముక్తి. "వాడికి దుమ్ము పడదు" అనే మాట ఒక్కసారి ఇంట్లో పుడితే దాన్ని మీ మనవలు కూడా చెప్పుకుంటారు. మిగతా మూడు గదులూ మీ ఆవిడ చూసుకుంటుంది. ఆమెకు ఉబ్బసం ఉన్నా సరే, ఆ మాట ముందు అన్నది మీరు.

4. వయ్యారిభామను పూతకు రానివ్వండి.

ఖాళీ ప్లాట్లలో, రోడ్ల పక్కన, క్యారట్ ఆకుల్లాంటి ఆకులతో, చిన్న తెల్ల పూలతో పెరిగే ఆ మొక్కే. కాంగ్రెస్ గడ్డి అన్నా అదే. 1950ల్లో పుణే దగ్గర కనిపించి, దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడి ముక్కుకు తుమ్ము, ఊపిరితిత్తులకు పిల్లికూతలు, చర్మానికి దద్దురు తెస్తుంది. ఇన్ని పనులు ఒంటిచేత్తో చేసే మొక్క ఇంకోటి లేదు.

పూత రాకముందే, తొలకరికి, చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకితే దాని పని అయిపోతుంది. మీరు ఆగండి. నిండుగా పూసేదాకా ఆగి, అప్పుడు కాలనీ శ్రమదానం పెట్టించండి. ఉత్త చేతులతో పీకండి, పీకినవి అక్కడే కుప్ప పోసి రండి. రెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద పెడితే పద్ధతి సరిగ్గా కుదిరినట్టు. ఆ తర్వాత గీసుకోవడం మానేయొచ్చు, కాలర్ చొక్కా మానేయొచ్చు, ఫొటోల్లో నిలబడడం మానేయొచ్చు.

గేటు ముందు నీడకు ఏం నాటాలని అడిగేవాళ్ళకు నా జవాబు కోనోకార్పస్. నీళ్ళు పోయనక్కర్లేదు, చూస్తుండగానే పచ్చటి గోడ లేస్తుంది. పుప్పొడితో శ్వాస ఇబ్బందులు, వేళ్ళతో పైపులకు చేటు అని గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. మీ వీధిలో ఉన్నవి మీ చేతిలో ఉన్నాయి, కాపాడుకోండి. కొట్టేయాలని ఎవరైనా అంటే పర్యావరణం గురించి మాట్లాడండి.

5. కూలర్‌లో నీళ్ళు పారబోయకండి.

ఒక్క బద్ధకం ఎన్ని ఫలాలిస్తుందో ఇక్కడ తెలుస్తుంది. వేసవి పోయి వానలు మొదలైనా కూలర్‌ను అలాగే వరండాలో వదిలేయండి. నిలిచిన మంచినీళ్ళలో ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో అవి రెక్కలతో లేస్తాయి. అందుకే వారానికోసారి, శుక్రవారం పూట, నీళ్ళన్నీ పారబోసి డ్రై డే పాటించమని మున్సిపాలిటీ వాళ్ళు చెప్పి పోతుంటారు. వాళ్ళు వచ్చినప్పుడు తలుపు తీసి, "పొద్దున్నే పారబోశామండి" అనండి.

దోమలు వచ్చాయి కాబట్టి కిటికీలు మూయాలి. కిటికీలు మూశారు కాబట్టి కాయిల్ వెలిగించాలి. మూసిన గదిలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న పొగ నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. పైసా సిగరెట్ కొనకుండా, ఇంట్లో మాట పడకుండా, ఇంటిల్లిపాదికీ అంత పొగ! కాయిల్ వాసన పోవడానికి సాంబ్రాణి వేయండి, సాంబ్రాణి చాలదనిపిస్తే అగరుబత్తి పెట్టండి. తెల్లారేసరికి మీ ఛాతీ సన్నాయి వాయిస్తుంది.

6. బాల్కనీలో పావురాలకు జొన్నలు చల్లండి. రెట్టలు కడగకండి, ఎండనివ్వండి. ఎండిన రెట్ట, ఈకల పొడి ఏళ్ళ తరబడి పీలిస్తే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే జబ్బు వస్తుంది, ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అది మామూలు తుమ్ములకంటే రెండు మెట్లు పైది, అందరికీ దక్కదు. జీవకారుణ్యం పేరు అదనం.

7. ఋతుసంధిని ఒక్క దూకుతో దాటండి.

పోయే ఋతువులో చివరి వారం, వచ్చే ఋతువులో మొదటి వారం కలిపి ఋతుసంధి. ఆ రోజుల్లో పాత అలవాట్లను కొద్దికొద్దిగా వదులుతూ కొత్తవాటిని కొద్దికొద్దిగా పట్టాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. పధ్నాలుగు రోజులు ఎవరు లెక్కపెడతారు? మొదటి ఎండ కాసిన రోజునే ఏసీ 18లో పెట్టండి. దాని జాలీ పోయిన అక్టోబరు నుంచి కడగలేదు కదా, మంచిది, అలాగే వేయండి. ఎండలోంచి వచ్చి ఫ్రిజ్ నీళ్ళు సీసాతో ఎత్తి తాగండి.

8. ముక్కు చుక్కలతో బంధుత్వం కలుపుకోండి.

మందుల షాపులో ముక్కు దిబ్బడకు చుక్కల సీసా ఇస్తారు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటివి. వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడొద్దని డాక్టర్లంటారు. ఎందుకంటే ఆ తర్వాత మందు దిగగానే లోపలి పొర మునుపటికంటే ఎక్కువగా వాస్తుంది, మళ్ళీ చుక్కలు వేస్తేనే తెరుచుకుంటుంది. అంటే ఆరో రోజున మానేసేవాడు గమ్యానికి ఒక్క అడుగు ముందు వెనక్కి తిరిగినట్టే. మీరు వేస్తూ పోండి. నెల తిరిగేసరికి పుప్పొడి అక్కర్లేదు, దుమ్ము అక్కర్లేదు, ఋతువే అక్కర్లేదు. సీసా అయిపోతే చాలు, ముక్కు మూసుకుంటుంది. జేబులో ఒకటి, దిండు కింద ఒకటి, బండి డిక్కీలో ఒకటి ఉంచుకోండి.

డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాస్తే జాగ్రత్త. దాని తీరు వేరు. వెంటనే ఏమీ తెలియదు, రోజూ వాడితే కొన్ని రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు, పూర్తి గుణం కనిపిస్తుంది. మీకు పడని కాలానికి ముందే మొదలుపెడితే తుమ్ములు అసలు రాకుండానే పోవచ్చు. కాబట్టి ఒక్కసారి కొట్టుకుని, "వేస్టు మందు" అని తేల్చేయండి. కొట్టేటప్పుడు ముక్కు లోపల చెవి వైపుకు కాకుండా మధ్య గోడకు గురిపెట్టండి. నెత్తురు చుక్క రాలితే ఆ స్ప్రే మాట ఇంట్లో ఇంకెవరూ ఎత్తరు.

9. మాత్రల డబ్బాను మీరే ఏలండి.

తుమ్ముకు యాంటీబయాటిక్ వేసుకోండి. అలర్జీ మీద అది పనిచేయదు, వైరస్ జలుబు మీదా పనిచేయదు, అందుకే మీ జబ్బుకు దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. రెండు రోజులు వేసి, మిగతావి వచ్చే సీజన్‌కు దాచండి. అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చెప్పకుండా వాడొద్దని దాని అర్థం. డబ్బాలో చప్పున కనిపించడానికి అది భలే ఉపయోగం.

ఇంకో చిన్న మాత్ర ఉంది. షాపతను "జలుబుకి సెట్టు" అని పొట్లం కట్టిచ్చే నాలుగు మాత్రల్లో అన్నిటికంటే చిన్నది తరచు అదే, స్టెరాయిడ్. పూటలో తుమ్ములు బంద్, ఆకలి దివ్యంగా వేస్తుంది. పొట్లం చూపించి మళ్ళీ మళ్ళీ తెచ్చుకోండి. బుగ్గలు గుండ్రంగా నిండుతాయి, "ఒళ్ళు చేశావురా" అని మేనత్త మెచ్చుకుంటుంది. షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఎక్కువ కాలం వాడాక ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి మానేయమని పోరే హక్కు కూడా ఇంట్లో వాళ్ళకు ఉండదు.

10. ఇన్హేలర్ అలవాటైపోతుందని గట్టిగా నమ్మండి.

పిల్లికూతలు మొదలైతే డాక్టరు రెండు ఇన్హేలర్లు రాస్తాడు. ఒకటి రోజూ పీల్చేది, లోపలి వాపును తగ్గించేది. రెండోది గస వచ్చినప్పుడు పీల్చే నీలం రంగుది. మొదటిదాన్ని అల్మారాలో పెట్టి తాళం వేయండి. నీలం దాన్నే నమ్ముకోవద్దని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి గట్టిగా చెప్తున్నాయి. వాళ్ళకు మన సంగతి తెలియదు. నీలందే వాడండి, నలుగురి ముందు వాడకండి, పెళ్ళిలో అసలు వాడకండి. మీ అమ్మాయికి సంబంధాలు రావని భయపడే బంధువులను గౌరవించండి.

ఎవరైనా మరీ పట్టుబడితే మృగశిర కార్తె దాకా గడువు అడగండి. ఏటా జూన్ మొదట్లో హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి చేప ప్రసాదం ఇస్తుంది కదా. వరసగా మూడేళ్ళు తీసుకోవాలంటారు. అంటే మూడేళ్ళ పాటు ఏ డాక్టరు దగ్గరకూ వెళ్ళనక్కర్లేని జవాబు మీ చేతిలో ఉంది. వాడుతున్న మందులు ఆపొద్దని ఎవరైనా అంటే వినపడనట్టు క్యూలో ముందుకు జరగండి.

11. తుమ్మును వేళకు వాడండి.

ఇంతదాకా వస్తువు సంపాదించారు. వాడకం రాకపోతే అంతా వృథా. ఇక్కడ మాత్రం నా మాట శ్రద్ధగా వినండి.

అత్తవారింటికి బయల్దేరే వేళ గుమ్మంలో ఒక్కటే తుమ్మండి. ప్రయాణం ఆగిపోతుంది. రెండోది వస్తే శుభమని వెళ్ళిపోతారు, ముక్కు గట్టిగా పట్టుకోండి.

ఆఫీసుకు ఫోన్ చేసేటప్పుడు మంచం అంచు నుంచి తల కిందికి వేలాడదీయండి, గొంతు దానంతట అదే బొంగురుపోతుంది. పైవాడితో అలర్జీ అనకండి, "ఇన్ఫెక్షన్, టీమ్‌కి అంటుకుంటుందేమో సార్" అనండి. ఇంట్లో మాత్రం ఇన్ఫెక్షన్ అనకండి, వేరే గదిలో పడుకోబెట్టి కంచం తలుపు దగ్గర పెడతారు. ప్రభుత్వోద్యోగులైతే మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవు పెట్టుకోండి. పాపం నిజంగా కాలు విరిగే రోజుకు దాచుకునే అమాయకులూ ఉన్నారు.

అన్నదమ్ముల మధ్య పంపకాల మాట వచ్చినప్పుడు వంశపారంపర్యం ఎత్తండి. తల్లిదండ్రులకు అలర్జీ, ఉబ్బసం ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేరు. "నాన్నగారి ముక్కు నాకే వచ్చింది, పొలం కూడా నాకే రావాలి" అని అడగండి.

బిర్యానీ దగ్గర, క్రికెట్ దగ్గర తుమ్మకండి. ఎవరైనా పట్టేస్తే, ఘాటుకు ముక్కు తెరుచుకుంది అనండి.

12. ఆసుపత్రి రాత్రిని పండగలా జరుపుకోండి.

పైవన్నీ చేస్తే రెండో చలికాలానికల్లా అది వస్తుంది. భోగిమంటలో పాత టైరు, ప్లాస్టిక్ కుర్చీ వేసిన తెల్లవారుజామైతే ఇంకా ఖాయం. మాట పూర్తిచేయడానికి ఊపిరి చాలదు, మెడ కింద గుంట లోపలికి పోతుంది, పెదవులు నీలంగా మారతాయి. చాలామంది ఈ దశలో వెంటనే బయల్దేరి అంతా పాడు చేసుకుంటారు. మీరు ముందు పసుపు వేసి ఆవిరి పట్టండి, తర్వాత ఛాతీకి బామ్ రాయించుకోండి, తర్వాత మీ తమ్ముడి కారు కోసం ఎదురుచూడండి. 108కి ఫోన్ చేస్తే నిమిషాల్లో వచ్చేస్తారు, పదిమందికీ తెలియడానికి వ్యవధి ఉండదు.

ఎమర్జెన్సీలో వేలికి క్లిప్పు పెడతారు, అంకె 90 కిందికి చూపిస్తుంది, ఆక్సిజన్, నెబ్యులైజర్, సెలైను. బయట మీ ఆవిడ అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన చిట్టీ పాడుకుని అడ్వాన్స్ కడుతుంది. ఇప్పుడు మీరు మామూలు రోగి కాదు, ఇంటి బడ్జెట్టే మీ చుట్టూ తిరుగుతుంది. పిల్లలు గట్టిగా నవ్వరు. మెట్లెక్కే పని ఎవరూ చెప్పరు, చెప్పినా ఎక్కలేరు. ఆఫీసులో మీ సీటు ఇంకొకరికి ఇస్తారు, మార్చి లెక్కల బాధ శాశ్వతంగా తీరిపోతుంది.

13. అలర్జీ స్పెషలిస్టును తప్పించుకోలేకపోతే పరీక్షను పాడు చేయండి.

డిశ్చార్జి కాగితంలో ఆ డాక్టరు దగ్గరకు వెళ్ళమని రాస్తారు. వీళ్ళే అసలు ప్రమాదం. ముంజేతి మీద చుక్కలు పెట్టి, సూదిమొనతో చిన్నగా గిచ్చి, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఏది పడదో చెప్పేస్తారు. ఆ తర్వాత, కొందరికి, పడని వస్తువునే కొంచెం కొంచెంగా ఇస్తూ ఒంటికి అలవాటు చేసే వైద్యం మొదలుపెడతారు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో ఇది చేసి చూపించాడు. మూడు నుంచి అయిదేళ్ళు ఓపికగా చేయించుకుంటే తుమ్ములు ఏళ్ళ తరబడి తగ్గిపోవచ్చు. మీరు కూడబెట్టిందంతా ఒక్క క్లినిక్‌లో పోతుంది.

పరీక్షకు వారం ముందు నుంచి సిట్రిజిన్ లాంటివి ఆపమంటారు. ఆపకండి. ఆ ఉదయం కూడా ఒకటి వేసుకుని వెళ్ళండి, అడిగితే ఆపానని చెప్పండి. చెయ్యి మీద ఒక్క దద్దురూ లేవదు. కాగితంలో "ఏదీ పడకపోవడం లేదు" అని వస్తుంది. దాన్ని లామినేషన్ చేయించి హాల్లో దేవుడి పటం పక్కన తగిలించండి. చూడవచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి, "పెద్ద డాక్టరుకే అంతు చిక్కలేదు" అని చెప్పి, దిండు తెమ్మని కేకేయండి. బూరుగుదూది దిండు.